దర్జా-ఎ-హరారత్: ఇంజన్ ఎంత గరమ్ ఉంటే మామూలు?

పోయిన ఈద్‌కి ముదిగొండ వెళ్తే ఇంట్లో షీర్ ఖుర్మా కంటే ఎక్కువగా నడిచిన ముచ్చట మా భాంజా కారుది. సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ కారు కొన్నాడు. మనూర్లలో తిరిగే మామూలు బండి కాదు, కాలు పెడితే ఉరికే రకం. ఫోన్‌కి కలిపే చిన్న యంత్రం ఒకటి స్టీరింగ్ కింద గుచ్చి, ఇంజన్ లోపల ఏం జరుగుతోందో అంకెల్లో చూసుకుంటాడు. ఆ అంకెలే వాడి నిద్ర చెడగొట్టాయి. ఖమ్మం ట్రాఫిక్‌లో 103, ఒక్కోసారి 105. "మామూ, నీళ్లు 100కి మరుగుతాయి కదా? మరి నా ఇంజన్ ఎట్ల బతికుంది?" అని అడిగాడు.

సవాల్ సబబైనదే. జవాబు ఆరోజు నా దగ్గర లేదు. మా ఇంటి పెద్ద, నలభై ఏళ్లు లారీ తోలిన మా చిన్న నానా దగ్గర మాత్రం ఉంది. "థర్మోస్టాట్ తీసి అవతల పారేయి బేటా. మా జమానాలో ఏ ఉస్తాదైనా మొదట చేసే పని అదే."

ఆ ఒక్క మాట వెనక చాలా తవారీఖ్ ఉందని నాకు తర్వాత తెలిసింది.

ఉర్దూ మీడియం బడిలో మేం ఉష్ణోగ్రతని దర్జా-ఎ-హరారత్ అని, మరిగే స్థానాన్ని నుఖ్తా-ఎ-జోష్ అని చదువుకున్నాం. మన హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, ఉస్మానియా కోసం సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి తెచ్చారు కదా, ఆ వారసత్వపు చివరి తునకలు మా చేతికి అందాయన్నమాట. "జోష్" అంటే ఉత్సాహం అనుకునే వయసులో, నీళ్లకి కూడా జోష్ వస్తుందంటే నవ్వుకునేవాళ్లం. మోటారు తొలి రోజుల డ్రైవర్లకి మాత్రం అది నవ్వులాట కాదు.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి సంగతే చూడండి. తొలి రెండు వేల పైచిలుకు బళ్లు పోతే, తర్వాత వచ్చిన వాటిలో నీళ్లని తిప్పే పంపు లేదు, థర్మోస్టాట్ లేదు. వేడి నీళ్లు పైకి పోతాయి, చల్లబడితే కిందికి దిగుతాయి. అంతే దాని హిక్మత్. రేడియేటర్ మూత వదులు, లోపల దబావ్ ఉండదు. కాబట్టి 100 దాటేది లేదు, దాటబోతే ఆవిరై పోవడమే. ఇంజన్ మిజాజ్ ఎట్లుందో తెలుసుకోవడానికి బాయిస్ మోటోమీటర్ అని ఒకటి వచ్చింది. దానికి పేటెంట్ అడిగింది 1912లో. రేడియేటర్ మూత మీదే, మసీదు మీద మినార్‌లా నిలబడే థర్మామీటర్ అది. డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తే ఎర్రగీత ఎక్కడుందో కనిపించేది. డ్యాష్‌బోర్డు మీది ముల్లు తర్వాత వచ్చింది.

అదే 1908లో రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి, "పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్" అని పేరు పెట్టి, బొంబాయి నుంచి కొల్హాపూర్ దాకా ఘాట్ రోడ్లమీద 620 మైళ్ల పరీక్షకి దిగింది. ఆ కాలపు పర్ఫార్మెన్స్ కారు అదే. ఇంజన్ ఏడు లీటర్లు దాటినది. పరీక్ష నెగ్గాక దాన్ని గ్వాలియర్ మహారాజా కొనుక్కున్నారు. సంస్థానాధీశుల రోల్స్ రాయిస్ షౌక్‌కి అది దారి తీసింది. మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డర్ ఇచ్చారు. బండి చేతికి రాకముందే 1911లో ఇంతఖాల్ అయ్యారు. తఖ్త్‌లాంటి సీటున్న ఆ పసుపుపచ్చ కారుని ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. అది ఉరకడానికి కాదు, జులూస్‌లో నిదానంగా నడవడానికి చేసింది. పిల్లలకి ఆ కారు చూపించేటప్పుడు నేనొక మాట చెప్తుంటాను. ఇంజన్‌కి అసలు ఇమ్తిహాన్ వేగం కాదు, జులూసే. వేగంగా పోతుంటే రేడియేటర్‌కి గాలి తగులుతుంది. జనం మధ్య అడుగడుగునా ఆగితే ఫ్యాను ఒక్కటే దిక్కు. భాంజా కారు హైవే మీద 92 చూపించి, ఖమ్మం బజార్లో 105 చూపించడానికి కారణం ఇదే.

షాహీ బళ్లు పక్కన పెడితే, మనలాంటి వాళ్లకి ఇంజన్ హునర్ నేర్పింది బస్సులు. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు. నంబరులోని "జెడ్" ఏడో నిజాం తన వాలిదా జెహ్రా బేగం పేరు మీద పెట్టించారని చెబుతారు. ఆ శాఖ రైల్వే కింద ఉండేది. ఆవిరి ఇంజన్ల బాయిలర్లతో బతికిన రైల్వే వాళ్లకి నీళ్లంటే, దబావ్ అంటే భయం, అదబ్ రెండూ ఉంటాయి. రోడ్డు మీది మిస్త్రీలకి ఆ అదబ్ కొంత అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

ఇక నానా మాట. ఆయన సారపాక కాగితం మిల్లుకి వెదురు లారీ తోలాడు. అడవిలో లోడెక్కించి, ఎండాకాలం, ఆ మట్టిరోడ్ల మీద రెండో గేరులో గంటల తరబడి. రేడియేటర్‌లో కూలెంట్ పోసే అలవాటు అప్పుడు లేదు. వాగు నీళ్లు, బోరు నీళ్లు, దొరికితే చాలు. బోరు నీళ్లలో సున్నం ఉంటుంది. గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. అది తుప్పుతో కలిసి థర్మోస్టాట్‌ని బిగించేస్తుంది. థర్మోస్టాట్ అంటే చిన్న దర్వాజా. లోపల మైనం ఉంటుంది. 80, 90 డిగ్రీల మధ్య అది కరిగి ఉబ్బితే దర్వాజా తెరుచుకుని నీళ్లు రేడియేటర్‌కి పోతాయి. మూసుకుని బిగిసిపోతే అడవి మధ్యలో హెడ్డు పోయినట్టే, ఆ నెల ఇంటి రిజక్ పోయినట్టే. కాబట్టి దాన్ని తీసేయడం ఆ ఉస్తాదుల జహాలత్ కాదు. వాళ్ల నీళ్లకి, వాళ్ల రోడ్లకి అది ఇలాజ్.

భాంజా నానా మాట విన్నాడు. ఊళ్లో ఒక షెడ్డులో తీయించాడు. ముల్లు దిగింది, అందరూ ఖుష్. చలికాలం వచ్చేసరికి ఇంజన్ లైటు వెలగడం మొదలైంది. మైలేజీ పడిపోయింది. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు.

కారణం నేను తర్వాత నలుగురిని అడిగి తెలుసుకున్నాను. ఇవాళ్టి ఇంజన్‌కి 90 నుంచి 105 డిగ్రీల కూలెంట్ బుఖార్ కాదు, సెహత్. రేడియేటర్ మూత వాయుపీడనం పైన ఇంకో అంత దబావ్ పెడుతుంది. అప్పుడు మామూలు నీళ్లే 120 దాకా మరగవు. కూలెంట్ కలిస్తే ఇంకా పైకి. ఇందులో కొత్త కరామత్ ఏమీ లేదు. మీ వంటింటి కుక్కర్‌లో జరిగేదే. కుక్కర్‌లో మాంసం తొందరగా ఉడికేది ఆ 120 డిగ్రీల వల్లే. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీయనట్టే, వేడి రేడియేటర్ మూత కూడా తీయకూడదు. నానా కుడి చేతి మీద మోచేతి దాకా ఉన్న మచ్చ అట్లా వచ్చిందే.

థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. కంప్యూటర్ దాన్ని ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. ఆయిల్‌లో చేరే తేమ ఆవిరై పోదు, అదే ఆ మీగడ. ఉరికే బండికి ఇది మరీ జులుం. ఎందుకంటే అసలు చూడాల్సింది ఆయిల్ వేడి. కూలెంట్ 90కి వచ్చేసినా ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది, ఇంచుమించు రెండింతల సేపు పడుతుంది. అది 80 దాటేదాకా కాలు గట్టిగా వేయకూడదు. తర్వాత 90 నుంచి 110 దాని సొంతిల్లు. గట్టిగా తోలితే 120 దాటొచ్చు. 130 పైకి పోతూ ఉంటే ఆపి చూడాల్సిందే. ఘాట్ ఎక్కి వచ్చాక టర్బో బండిని ఠక్కున ఆపేయకుండా, చివరి కిలోమీటరు నెమ్మదిగా తోలితే మంచిది.

ఇంకో చమత్కారం. డ్యాష్‌బోర్డు ముల్లుని కొన్ని కంపెనీలు కావాలనే మధ్యలో నిలబెడతాయి. లోపల దాదాపు 75 ఉన్నా 105 ఉన్నా ముల్లు కదలదు. కస్టమర్ పరేషాన్ కాకూడదని. మోటోమీటర్ నిజం చెప్పేది, ఈ ముల్లు తసల్లీ చెబుతుంది. అందుకే ఫోన్‌లో అంకెలు చూసిన కుర్రాళ్లు బెదిరిపోతున్నారు.

డిసెంబర్‌లో కొత్త థర్మోస్టాట్ వేయించి, కూలెంట్ మార్పించి, ముగ్గురం భద్రాచలం దాకా వెళ్లొచ్చాం. నానా ముందు సీట్లో. పాల్వంచ దాటాక ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు భాంజా. 94, 96, 95. గోదావరి వంతెన వచ్చేదాకా ఆయన దాన్ని తస్బీహ్ లెక్కపెట్టినట్టు చూస్తూనే ఉన్నాడు. 1965లో ఆ వంతెన కట్టక ముందు రేవులో లాంచీ కోసం ఆగేవాళ్లమని, అప్పుడు ఇంజన్లు వాటంతటవే చల్లారేవని చెప్పాడు. అవతలి ఒడ్డున టీ కోసం ఆపితే ఫోన్ నాకిచ్చేసి దిగి, బానెట్ మీద అరచేయి పెట్టి చూశాడు.

"సహీ హై," అన్నాడు.