వాసన వచ్చే గ్యాసు, వాసన రాని విషం

భూమిలో వేసిన గ్యాసు పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి ఒకప్పుడు కాలిఫోర్నియాలో ఇంజనీర్లు తలెత్తి ఆకాశం వంక చూసేవారు. పైపు దారిలో రాబందులు ఒకచోట గుమిగూడి చక్కర్లు కొడుతున్నాయంటే ఆ కిందే ఎక్కడో లీకు ఉన్నట్టు లెక్క. యూనియన్ ఆయిల్ కంపెనీ సిబ్బంది 1930ల చివరికే ఈ కిటుకు పట్టారని పక్షిశాస్త్రవేత్త కెన్నెత్ స్టేగర్ 1964లో అచ్చువేసిన పరిశోధన చెబుతుంది. ఆయన తేల్చిన అసలు సంగతికి నూరేళ్లు దాటిన తగాదా ఉంది. పక్షుల బొమ్మలు గీసి పేరుపొందిన జాన్ జేమ్స్ ఆడుబాన్ 1820లలోనే రాబందుకు ముక్కు పనిచేయదని తీర్పు చెప్పేశాడు. కళేబరాన్ని కప్పిపెడితే అవి రాలేదు, గడ్డి కూరిన జింక తోలును బయట పెడితే వచ్చి పొడిచాయి, ఇంకేం రుజువు కావాలన్నాడు. అమెరికాలోని టర్కీ రాబందు మాత్రం తిండిని వాసనతోనే వెతుక్కుంటుందని స్టేగర్ నిరూపించాడు. మన దేశపు రాబందులకు ఆ విద్య లేదు, వాటికి కళ్లే దిక్కు. టర్కీ రాబందును పైపు దగ్గరికి రప్పించింది ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక రసాయనం. కుళ్లే మాంసంలోనూ ఈ జాతి వాసనలే పుడతాయి. మన వంటింటి సిలిండర్ కారినప్పుడు ముక్కుపుటాలు అదిరేలా చేసేదీ అదే.

ఆ వాసన గ్యాసుది కాదు, మనుషులు కలిపినది. శుద్ధి చేసిన సహజవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. చలిదేశాల్లో ఇల్లంతటినీ వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసు ఈ వాయువుతోనే నడుస్తుంది. ఫర్నేసు భద్రత గురించి ఎవరినైనా కదిపితే ముందు వచ్చే మాట 'గ్యాసు వాసన వస్తే జాగ్రత్త' అనే. మంచి మాటే, కాదనలేం. అయితే ఆ మాట అంతగా పాతుకుపోవడం వల్ల ఒక నష్టమూ జరిగిందని నా వాదన. ఫర్నేసు నుంచి రెండు ప్రమాదాలు పొంచి ఉంటే, ఒకదానికి వాసన తగిలించి రెండోదాన్ని మరిచిపోయాం. వాసన రాలేదు కాబట్టి అంతా క్షేమమనుకునే అలవాటు అక్కడ పుట్టింది. ఆ మరుపు ఎలా వచ్చిందో తెలియాలంటే 1937 నాటి టెక్సాస్‌కు వెళ్లాలి.

తూర్పు టెక్సాస్‌లో చమురు పొంగిన కాలమది. దేశమంతా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయి ఉంటే, రస్క్ కౌంటీలోని న్యూ లండన్ అనే చిన్న ఊరి బడి మాత్రం చమురు పన్నుల డబ్బుతో కళకళలాడుతోంది. పది లక్షల డాలర్లు పోసి కట్టుకున్న బడి. ఒకేచోట బాయిలర్ పెట్టి ఆవిరితో గదులు వేడిచేయాలన్న పద్ధతిని పక్కనపెట్టి, కట్టడం పొడవునా 72 గ్యాస్ హీటర్లు బిగించారు. 1937 మొదట్లో నెలకు దాదాపు 300 డాలర్లు మిగులుతాయని బోర్డు వారు డబ్బుకు కొనే గ్యాసు మానేశారు. పక్కనే పోతున్న ఒక కంపెనీ పైపుకు కన్నం పెట్టి, చమురు బావుల దగ్గర మిగిలిపోయే గ్యాసును బడిలోకి మళ్లించారు. ఆ గ్యాసును కంపెనీలు ఎలాగూ తగలేసేవి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ, చర్చివాళ్లూ ఇలాగే వాడుకుంటుంటే చూసీచూడనట్టు ఊరుకునేవి. బడి కట్టిన దగ్గర నేలకూ గచ్చుకూ మధ్య 253 అడుగుల పొడవున ఖాళీ జాగా ఉంది. బిగింపు సరిగా లేని చోటు నుంచి గ్యాసు కారి ఆ ఖాళీలో పేరుకుంటూ వచ్చింది. పిల్లలు తలనొప్పులని చెబుతూనే ఉన్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే దారీ లేదు, ఎందుకంటే ముక్కుకు ఏమీ తగలలేదు.

మార్చి 18, గురువారం. బడి వదలడానికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. పక్కనున్న వ్యాయామశాలలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతోంది. చెక్కపని నేర్పే మాస్టారు చెక్క నునుపు చేసే కరెంటు యంత్రం స్విచ్ వేశాడు. ఆ స్విచ్‌లో పుట్టిన మిణుగురు చాలింది. గోడలు ఉబ్బాయి, పైకప్పు లేచి మళ్లీ పిల్లల మీదే కూలింది. రెండు టన్నుల కాంక్రీటు దిమ్మ ఒకటి 200 అడుగుల దూరం ఎగిరిపడి అక్కడున్న షెవర్లే కారును నుజ్జు చేసింది. చనిపోయినవాళ్లు సుమారు 300 మంది, అందులో అత్యధికులు పిల్లలే. చమురు బావుల్లో పనిచేసే తండ్రులు తమ యంత్రాలతోనే వచ్చి శిథిలాలు తొలగించారు. తరవాత టెలివిజన్ వార్తలకు మారుపేరైన వాల్టర్ క్రాంకైట్ అప్పటికి ఇరవయ్యేళ్ల కుర్ర విలేఖరి, ఈ వార్త రాయడానికి పరుగున వచ్చాడు. జర్మనీ నుంచి హిట్లర్ కూడా సంతాపం తెలుపుతూ తంతి పంపాడు. చమురూ సహజవాయువులే తూర్పు టెక్సాస్‌కు దక్కిన గొప్ప వరాలనీ, అవి లేకపోతే ఈ బడే లేదనీ చెప్పే పాఠం రాసి ఉన్న నల్లబల్ల ఒకటి ఆ శిథిలాల్లో దొరికింది.

చట్టం వారాల్లో వచ్చింది. ఇళ్లకూ బడులకూ ఇచ్చే గ్యాసులో దుర్వాసన కలిపి తీరాలని టెక్సాస్ శాసనసభ శాసించింది, మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. గాలిలో సహజవాయువు సుమారు 5 శాతానికి చేరితే అంటుకునే స్థితి వస్తుంది. అందులో ఐదోవంతు, అంటే 1 శాతం ఉన్నప్పుడే మామూలు ముక్కుకు తెలిసిపోవాలన్నది నేటి అమెరికా ఫెడరల్ నిబంధన. ఇక్కడ మింగుడుపడని నిజం ఒకటుంది. గ్యాసుకు మెర్కాప్టాన్ కలపడం 1937లో ఎవరికో తట్టిన కొత్త ఊహ కాదు. 1880లలోనే జర్మనీలో ఫాన్ క్వాలియో అనే రసాయనవేత్త వాసన లేని వాయువుకు ఈ పని చేసి చూపించాడు. యాభై ఏళ్లుగా తెలిసిన విద్యను తప్పనిసరి చేయడానికి ఒక బడి మొత్తం కూలాల్సి వచ్చింది. గుంపుగా పోయిన ప్రాణాలకే చట్టం కదులుతుంది. ఒక్కో ఇంట్లో ఒకరూ ఇద్దరూ నిద్రలోనే పోతుంటే దానికి కదలిక ఉండదు. ఫర్నేసులోని రెండో ప్రమాదం సరిగ్గా ఈ రెండో రకం.

ఇంతకీ ఈ ఫర్నేసు ఎక్కడిది? రోమన్లు నేల కింద పొయ్యి పెట్టి గచ్చు వేడిచేసేవారు. ఆ తరవాత ఎన్నో శతాబ్దాలు యూరప్‌కు గోడ పొయ్యీ కట్టెలే గతి, అక్కడ చెప్పుకోదగ్గ కథ తక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో బొగ్గు ఫర్నేసు ఇంటి కింది గదిలోకి దిగింది. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ గ్యాసుతో నడిచే, గదులకు విడివిడిగా వేడి పంపే ఫర్నేసుకు 1919 డిసెంబరు 23న పేటెంట్ పొందింది. రెండో ప్రపంచయుద్ధంలో చమురు కోసం వేసిన 'బిగ్ ఇంచ్' పైపులైన్లను 1947లో గ్యాసుకు మార్చాక, టెక్సాస్ గ్యాసు తూర్పుతీర నగరాల ఇళ్లలోకి ధారాళంగా ప్రవహించింది. బొగ్గు పోయి గ్యాసు వచ్చింది. శ్రమా మసీ తగ్గాయి, దానికి ఎవరూ చింతించనక్కర్లేదు. కాకపోతే బొగ్గు కాలంలో ఇంటాయన పొద్దున్నే లేచి ఫర్నేసు తలుపు తీసి, బూడిద తోడి, నిప్పు మొహం చూసేవాడు. పొగ వెనక్కి తంతే ఆ పూటే తెలిసేది. ఇప్పుడది బేస్‌మెంట్ మూలన రేకు తలుపు వెనక దానంతటదే వెలిగి ఆరుతుంది, ఏళ్ల తరబడి ఎవరూ దాని మొహం చూడరు. ఇల్లు పోగొట్టుకున్నది ఆ రోజువారీ చూపును.

ఆ చూపు బదులు వచ్చినవి యంత్రపు కాపలాలు. పాత ఫర్నేసులో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంటలో థర్మోకపుల్ అనే లోహపు మొన ఉంటుంది. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడిచేస్తే కరెంటు పుడుతుందని 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సూత్రమే దానికి ఆధారం. పుట్టేది ఏ ముప్ఫై మిల్లీవోల్టులో, టార్చిలైటు బ్యాటరీలో యాభయ్యో వంతు. ఆ కాస్త కరెంటే గ్యాసు వాల్వులోని అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. మంట ఆరితే మొన చల్లబడుతుంది, పట్టు సడలి స్ప్రింగ్ వాల్వును మూసేస్తుంది. కొత్త ఫర్నేసులో మంట గుండా కొద్ది మైక్రోఆంపియర్ల కరెంటు పారుతోందో లేదో ఒక సన్నని కడ్డీ చూస్తుంది. కడ్డీ మీద తెల్లటి పొర పడితే కరెంటు పారదు, ఫర్నేసు వెలిగిన కొన్ని క్షణాలకే ఆరిపోతుంది. మెకానిక్ వచ్చి సన్నటి స్టీలు ఉన్నితో రుద్దితే మళ్లీ నడుస్తుంది. వేడి హద్దు దాటితే ఆపే స్విచ్ వేరు, మంట బయటికి తన్నితే ఆపేది వేరు, పొగ బయటికి లాగబడుతోందో లేదో చూసేది ఇంకొకటి.

ఇన్ని ఉండగా భయమెందుకని అడగవచ్చు. సమాధానం మెర్కాప్టాన్‌లోనే ఉంది. అది గ్యాసుతోపాటు మంటలో కాలిపోతుంది. మంటకు గాలి చాలకపోయినా, పొగగొట్టం మూసుకున్నా, వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ రేకు చిట్లినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. మెర్కాప్టాన్ అప్పటికే కాలిపోయింది కాబట్టి ముక్కుకు తెలియదు. పైన చెప్పిన కాపలాల్లో ప్రతిదీ ఒక్క సంగతే చూస్తుంది, పడకగది గాలిలో ఏముందో ఏదీ చూడదు. ఈ విషం సంగతి బాగా తెలిసినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగని పేలుడులో పోయిన 57 మందిని పరిశీలించి, ఎక్కువమందిని చంపింది పేలుడు కాదనీ కార్బన్ మోనాక్సైడ్ అనీ తేల్చాడు. ఆయన దాన్ని తానే పీల్చి తన రక్తం పరీక్షించుకున్న మనిషి. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మనిషి కంటే ముందు తూలిపడే చిన్న ప్రాణిని గనిలోకి తీసుకెళ్లమని హాల్డేన్ సలహా ఇచ్చాడు. అలా వచ్చిన కెనరీ పిట్టలు బ్రిటన్ గనుల్లో 1986లో వాటి బదులు ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టాలని నిర్ణయించేదాకా కొలువు చేశాయి. పిట్ట సొమ్మసిల్లగానే ఊపిరి పోయడానికి చిన్న ఆక్సిజన్ సీసా బిగించిన పంజరాలు కూడా ఉండేవి. ఇళ్లలో మాత్రం ఈ విషానికి ఏ పిట్టా లేకుండా దశాబ్దాలు గడిచాయి. పెద్ద నగరాల్లో షికాగో 1994లో ముందుగా ఇళ్లకు కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది. న్యూ లండన్‌కూ దానికీ మధ్య 57 ఏళ్లు.

అలారం పెట్టుకున్నాక ఏటేటా సర్వీసింగ్ ఖర్చెందుకన్నది ఇంకో ప్రశ్న. షికాగో అనుభవమే దీనికీ జవాబు. ఆ డిసెంబరులో నగరం మీద గాలి కదలక నిలిచిపోయిన రోజుల్లో అలారాలు ఒకేసారి మోగి, అగ్నిమాపక శాఖను ఫోన్లు ముంచెత్తాయి. దాంతో ప్రమాణాలు సవరించి అలారాల తొందర తగ్గించారు. అమెరికా ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల వంతుల్లో 70 వంతుల కార్బన్ మోనాక్సైడ్ ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగుతుంది. 30 వంతుల దగ్గర నెల రోజులైనా మోగకూడదు. ఆరోగ్యవంతుడి ప్రాణం కాపాడడానికి ఆ లెక్క సరిపోవచ్చు, గర్భిణికో గుండెజబ్బు మనిషికో చాలదు. అంటే అలారం మోగేసరికే పొయ్యి పాడై ఉంటుంది. పాడవకుండా చూసేది సర్వీసింగే. మంటలు కాక, ప్రమాదవశాత్తు ఈ విషం సోకి అమెరికాలో ఏటా 400 మందికి పైగా పోతున్నారు. జనరేటర్ల పాపం కూడా అందులో ఉంది, అంతా ఫర్నేసుల మీద వేయడం న్యాయం కాదు.

మన చేతిలో ఉన్న పనికీ మెకానిక్ చేతిలో ఉండాల్సిన పనికీ గీత గీసుకోవడం మంచిది. ఫిల్టర్ మార్చడం మన పని. పల్చటి రకమైతే ఒకటి నుంచి మూడు నెలలకోసారి, కరెంటు స్విచ్ ఆపి, ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫర్నేసు వైపు ఉండేలా పెట్టాలి. ఇది దుమ్ము బాధ కోసమే అనుకుంటారు. ఫిల్టర్ పూడుకుంటే గాలి ఆడక హీట్ ఎక్స్‌ఛేంజర్ అతిగా కాగుతుంది, అలా కాగీ చల్లారీ కొన్నేళ్లకు రేకు చిట్లుతుంది. గోడ బయటికి వచ్చే తెల్లటి పొగగొట్టాల చుట్టూ మంచు తీయడం, ఫర్నేసు పక్కన పెయింటు డబ్బాలూ పెట్రోలూ ఉంచకపోవడం మన బాధ్యతలే. మంట నీలంగా నిలకడగా ఉందో లేదో ఫర్నేసుకు ఉండే చిన్న అద్దం లోంచి చూడవచ్చు. పసుపు పచ్చగా సోలిపోతున్నా, గాలి ఊదే బ్లోయర్ తిరగగానే ఊగిపోయినా నడపడం ఆపి పిలవాలి. బర్నర్లు, గ్యాసు వాల్వు, హీట్ ఎక్స్‌ఛేంజర్ జోలికి మాత్రం మనం వెళ్లకూడదు. లీకు చూడడానికి ఎవరైనా సబ్బునీళ్లు వాడాలి, అగ్గిపుల్ల గీయకూడదు. వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికి వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేయాలి. జలుబు పట్టినవారికీ, వయసు మీరినవారికీ ఆ వాసన తెలియకపోవచ్చు. కొత్త ఇనుప గొట్టాలూ తుప్పూ కూడా మెర్కాప్టాన్‌ను మింగేస్తాయి.

న్యూజెర్సీ బేస్‌మెంట్లలో, డాలస్ అటకల మీద ఫర్నేసులున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేం కాదు. ఇక్కడ మన ఊళ్లలో, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వెలిగించి పోతున్న ప్రాణాలనూ తీసేది ఈ విషమే. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, జ్వరం లేని నీరసం వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే ఆలోచించకుండా ఇల్లు ఖాళీ చేసి అగ్నిమాపక శాఖను పిలవండి. చలి మొదలవకముందే మెకానిక్‌ను రప్పించండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో మీటరుతో కొలిచి, ఆ అంకెను బిల్లు మీద రాసి ఇమ్మని అడగండి. ఆయన వెళ్లాక పడకగది బయటి అలారాన్ని తిప్పి వెనక ఉన్న గడువు తేదీ చూడండి. చాలా రకాలకు అది అయిదు నుంచి పదేళ్లే.