గొడుగు బిళ్ళ నుంచి సూదుల గొర్రు దాకా

కాఫీ పొడిని గిన్నెలో సమంగా పరచడం అనే చిన్న పనికీ ఒక చరిత్ర ఉందంటే మార్కాపురం, గిద్దలూరు వైపు వారికి వింతగా తోచదు. నీటి గుణం మనకు తెలుసు. విజయనగర కాలపు కంభం చెరువు కింద తరతరాలుగా వరి పండించిన నేల ఇది. మడి చదునుగా లేకపోతే పల్లంలో నీరు నిలుస్తుంది, మెరక ఎండుతుంది; గట్టు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడే గండి పడుతుంది. కాఫీ పొడిలోనూ నీరు అదే పని చేస్తుంది. వదులుగా ఉన్న చోటు వెతుక్కుని అటే పరుగెడుతుంది. ఆ దారిలోని పొడి సారమంతా కోల్పోయి చేదు దిగుతుంది, పక్కనున్న పొడి ఊరికే తడిసి మిగిలిపోతుంది. ఈ గండిని ఆపడానికి మనుషులు చేసుకున్న పనిముట్ల కథే ఇది.

బాబా బుడన్ 17వ శతాబ్దంలో చిక్కమగళూరు కొండలకు కాఫీ గింజలు తెచ్చాడని ప్రతీతి. మన ఇళ్ళలో కాఫీ పొద్దుటి అలవాటుగా స్థిరపడింది మాత్రం ఎంతో ఆలస్యంగా, 20వ శతాబ్దంలోనే. తొలి రోజుల్లో మరిగే నీళ్ళలో పొడి వేసి గుడ్డలో వడకట్టేవారు. పొడి నీళ్ళలో తేలుతూ ఉంటే దాన్ని పరిచే ప్రసక్తే లేదు. అడుగున చిల్లులున్న ఇత్తడి ఫిల్టరు వంటింట్లోకి వచ్చాకే ఆ అవసరం పుట్టింది. దానితోపాటే కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, చిన్న గొడుగు లాంటిది, కూడా వచ్చింది.

నా దృష్టిలో ఆ బిళ్ళకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. మా అమ్మ పై గిన్నెలో పొడి పోసి, పక్కన అరచేత్తో రెండుసార్లు తట్టి, బిళ్ళను నెమ్మదిగా ఆనించేది. గట్టిగా అదిమితే తెల్లారేదాకా డికాషన్ దిగదు. ఊరికే వదిలేస్తే చిక్కదనం లేని నీళ్ళు దిగుతాయి. పోసిన వేడినీరు ఒకే చోట పడి పొడిని గుంట చేయకుండా ఆ చిల్లులు దాన్ని నలువైపులా పంచేవి. తట్టడం, పరచడం, ఆనించడం: నేటి బరిస్టాలు, అంటే కాఫీ దుకాణాల్లో కాఫీ చేసేవారు, శిక్షణలో నేర్చుకునే మూడు పనులూ ఆ చేతిలో ఉండేవి.

ఇటలీలో కథ మరో దారిన నడిచింది. 1901లో లుయీజీ బెజ్జెరా ఆవిరి ఒత్తిడితో పనిచేసే ఎస్ప్రెస్సో యంత్రానికి పేటెంటు కోరాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అకిల్లే గజ్జియా మీట యంత్రం ఒత్తిడిని ఎన్నో రెట్లు పెంచింది. 1961లో ఫేమా కంపెనీ ఇ61 యంత్రం పంపు సాయంతో దాన్ని నిలకడగా తొమ్మిది బార్ల దగ్గర ఉంచింది. మలుపు అక్కడే ఉంది. మన ఫిల్టరులో నీరు తన బరువుతో తాను దిగుతుంది కనుక చిన్న హెచ్చుతగ్గులను మన్నిస్తుంది. తొమ్మిది బార్ల నీరు మన్నించదు. బాస్కెట్ అనే 58 మిల్లీమీటర్ల చిల్లుల గిన్నెలో పద్దెనిమిది గ్రాముల పొడి ఒక పక్క కాస్త పలచబడినా, అర నిమిషంలో ముగియవలసిన ధార అటు పక్కనుంచి చిమ్ముతుంది. అయినా దశాబ్దాల పాటు అక్కడివారు వేలితో సర్ది, టాంపర్ అనే దిమ్మతో అదిమి సరిపెట్టుకున్నారు.

మన దేశానికి ఎస్ప్రెస్సో అన్న పేరు వచ్చింది గానీ బాస్కెట్ రాలేదు. పెళ్ళి విడిది దగ్గర, బజారు మూల మీద బుస్సుమంటూ ఆవిరి కొట్టే యంత్రం ఇచ్చే నురుగు కాఫీనే మనం ఎస్ప్రెస్సో అన్నాం. అందులో పడేది ఇన్‌స్టంట్ పొడి. నీళ్ళు తగిలితే కరిగేదానికి పరిచే పనేముంది? ఆ పొడి తయారీలోనూ తెలుగువారికి చోటుంది: చల్లా రాజేంద్రప్రసాద్ స్థాపించిన సీసీఎల్ ప్రొడక్ట్స్ గుంటూరు జిల్లా దుగ్గిరాల నుంచి దేశదేశాలకు ఎగుమతి చేసింది. ఇన్‌స్టంట్ పొడి చెలామణీ అయిన ఆ కాలంలో గొడుగు బిళ్ళలు చాలా ఇళ్ళలో అటకెక్కాయి.

బాస్కెట్ వాడే చోట మాత్రం పొడి సర్దే చిక్కు తీరలేదు. 2005లో అమెరికాలో జాన్ వైస్ అనే కాఫీ ప్రియుడు తన మర నుంచి పొడి ఉండలు కట్టి వస్తోందని గమనించాడు. అడుగు కోసేసిన పెరుగు కప్పును బాస్కెట్ మీద గరాటులా నిలిపి, సూదితో పొడిని కలిపి ఉండలు విడగొట్టాడు. ఆ పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. ఇప్పుడు ఆ పనికోసం పిడి కొసకు వెంట్రుకల్లాంటి సన్నని సూదులు అమర్చిన పనిముట్లు దొరుకుతాయి. 2015లో ప్రపంచ బరిస్టా పోటీలో గెలిచిన ఆస్ట్రేలియా వాసి సాసా సెస్టిచ్, రెక్కలున్న గుండ్రని బిళ్ళను ప్రచారంలోకి తెచ్చాడు; బాస్కెట్ మీద పెట్టి తిప్పితే పైపొర నున్నగా చదునవుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది గానీ, అడుగు పొరల్లోని ఎగుడుదిగుళ్ళను అది సరిచేయలేదన్న విమర్శలో నిజముంది. సూది పనిని బిళ్ళ చేయలేదు. 2023 చివర ఆరెగన్ విశ్వవిద్యాలయంలోని క్రిస్టఫర్ హెండన్ బృందం, మర ఆడించేటప్పుడు గింజల్లో పుట్టే స్థిర విద్యుత్తే పొడిని ఉండలు కట్టిస్తుందని, ముందుగా కాస్త నీరు చిలకరిస్తే అది తగ్గుతుందని చూపింది.

ఈలోగా మన కాఫీ కూడా ఎదిగింది. అరకు గిరిజన రైతుల గింజలు 2017లో పారిస్‌లో సొంత దుకాణానికి చేరాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజల వెంటే పొడిని కలిపే సూదులూ మన దాకా వచ్చాయి.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి మొన్న సంక్రాంతికి చిన్న యంత్రం తెచ్చి వసారాలో పెట్టాడు. పిడికి ఎనిమిది సూదులున్న పనిముట్టుతో బాస్కెట్‌లో పొడిని కదుపుతుంటే, మెట్ట సేద్యంలో చేతులు అరిగిన మా నాన్న కుర్చీ దగ్గరకు జరుపుకుని చూశాడు.

"గొర్రే కదరా ఇది! అడుగుదాకా పోనీ. పైపైన గీరితే పెళ్ళలు అట్టాగే ఉంటాయి."

వాడు పిడి నిలువుగా పట్టుకుని, అడుగు తగిలేదాకా సూదులు దించి, మళ్ళీ మొదటినుంచి కలిపాడు.