బొమ్మ హెలికాప్టరు: పాత రెక్కలు, కొత్త ఇంధనం

హెలికాప్టరు మనిషిని మోయడానికి చాలా ముందే బొమ్మగా ఎగిరింది. 1784లో లానువా, బియెన్వెన్యూ అనే ఇద్దరు ఫ్రెంచివారు పక్షి ఈకలతో రెండు చక్రాలు కట్టి, వింటినారి బిగువుతో వాటిని తిప్పి, ప్యారిసులో శాస్త్రజ్ఞుల ఎదుట ఎగురవేసి చూపారు. 1870లో అల్ఫాన్స్ పెనో ఆ వింటినారికి బదులు మెలిపెట్టిన రబ్బరు తాడును వాడాడు. అటువంటి బొమ్మనే 1878లో ఒక అమెరికా మతాచార్యుడు తన ఇద్దరు చిన్న కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లలే తరువాతి కాలపు రైటు సోదరులు. బొమ్మలను చిన్నచూపు చూసే పెద్దలకు ఈ సంగతి చెబుతూ ఉండడం నాకు అలవాటు.

ఈ పాత బొమ్మల్లో గమనించదగ్గ విశేషం ఒకటుంది. చక్రం ఒక దిక్కుకు తిరిగితే దాని కింది కాయం ఎదురు దిక్కుకు తిరగజూస్తుంది. దానిని ఆపడానికి ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాలను పెట్టారు. మా ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని శివరాత్రి జాతరలో, తాటాకు గిరకల పక్కన అమ్మే అరచేతి హెలికాప్టరును తిప్పి చూడండి. ఒకే ఇరుసు మీద రెండు జతల రెక్కలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. ఈకలకు బదులు ప్లాస్టిక్కు వచ్చింది కానీ, ఉపాయం మాత్రం 1784 నాటిదే.

మరి అటువంటి బొమ్మ మన పల్లె అంగడికి రావడానికి రెండు శతాబ్దాలు పైగా ఎందుకు పట్టింది? దూరం నుంచి నడిపే విద్య లేకనా? కాదు. 1898లోనే న్యూయార్కులో నికోలా టెస్లా తీగ లేకుండా ఒక చిన్న పడవను నడిపి జనాన్ని నివ్వెరపరిచాడు. 1970లో జర్మనీలో డీటర్ ష్లూటర్ రేడియోతో నడిచే హెలికాప్టరును నిలకడగా ఎగురవేశాడు. కానీ అది ఇంజను మీద నడిచేది. దానిని పసివాడి చేతికి ఇవ్వగలమా? విద్యుత్తుతో నడుపుదామంటే నికెల్-కాడ్మియం బ్యాటరీ తన బరువును మోయడానికే అలసిపోయేది. అడ్డుపడినది రెక్క కాదు, ఇంధనం.

ఆ చిక్కును విప్పినది లిథియం. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని అంగడికి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి దక్కింది. నికెల్-కాడ్మియం ఘటం 1.2 వోల్టులు ఇస్తే ఇది 3.7 ఇస్తుంది, అదే బరువుకు సుమారు మూడు రెట్ల శక్తిని దాచుకుంటుంది. రేకు డబ్బాకు బదులు పలుచని సంచిలో చుట్టిన లిథియం-పాలిమర్ ఘటం వచ్చాక బరువు ఇంకా తగ్గింది. 2006లో హాంకాంగు సంస్థ సిల్వర్‌లిట్ పికూ-జీ అనే బొమ్మను విడుదల చేసింది. దాని బరువు సుమారు 10 గ్రాములు. (అది రేడియోతో కాక, టీవీ రిమోటు వలె పరారుణ కిరణాలతో నడిచేది. జాతరలో 'రేడియో హెలికాప్టరు' పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు ఈ జాతివే. ఎండలో పెడితే మాట వినవు. ఇంట్లో, పంకా ఆపి ఎగురవేయాలి.)

ఇక్కడ నా అసలు ఆవేదన చెబుతాను. బొమ్మ పాతది కనుక మన ఇళ్ళలో దానితో ఎలా మెలగాలో అందరికీ తెలుసు. ఇంధనం కొత్తది, దాని మర్యాద ఎవరూ చెప్పలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రివేళ ఇంట్లో చార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి, ఆ గదిలో నిద్రిస్తున్న 80 ఏళ్ళ వృద్ధుడు మరణించాడు. బొమ్మలోని ఘటం దానికంటే వేల రెట్లు చిన్నదే. అయితే పరుపు అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు కదా!

మా మేనల్లుడికి నేను నేర్పిన పద్ధతి ఇది. ఎగిరి దిగిన వెంటనే బ్యాటరీ వేడిగా ఉంటుంది, పావుగంట చల్లారనివ్వాలి. బొమ్మతో వచ్చిన తీగనే వాడాలి, ఎందుకంటే 4.2 వోల్టుల దగ్గర ఆపవలసిన పని దానిదే. ఆ గీత దాటితే ఘటంలో లోహపు లిథియం పేరుకొని లోపలే తీగలు కలుస్తాయి. మరీ 3 వోల్టుల కిందికి పిండినా చెడుతుంది. రెక్కలు నీరసించగానే దింపేయాలి. ఘటం మీద 150 మిల్లీ ఆంపియర్-గంటలని ఉంటే 150 మిల్లీ ఆంపియర్లతో నింపడం క్షేమం. తొందర పనికిరాదు. నింపేటప్పుడు బొమ్మను షాబాదు బండ మీదో, మట్టి మూకుట్లోనో ఉంచాలి. దిండు మీద, పుస్తకాల మీద, నిద్రపోయే గదిలో వద్దు. మెలకువగా ఉన్న మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి.

ఎగురవేసే ముందు కూడా ఒక వరుస ఉంది. రిమోటులోని వేగపు మీట పూర్తిగా కిందికి దించి ముందు రిమోటును, తరువాత బొమ్మను వెలిగించాలి. గైరో ఉన్నదైతే కొన్ని క్షణాలు సమతలం మీద కదలకుండా ఉంచాలి, తాను తిరగకుండా ఉన్న స్థితి ఏదో అది అప్పుడే తెలుసుకుంటుంది. జానెడెత్తు లేపి చూడండి. ముక్కు తనంతట తాను ఎడమకు తిరుగుతుంటే సవరణ మీటను కుడికి కొద్దికొద్దిగా జరపండి. ఆపేటప్పుడు ముందు బొమ్మ, తరువాత రిమోటు.

ఈ బొమ్మ కడుపులోని ఇంధనం మా చుట్టుపక్కల ఇప్పుడు పెద్ద పనులే చేస్తోంది. 2021 సెప్టెంబరు 11న మా పొరుగున ఉన్న వికారాబాదులో డ్రోన్లతో మందులూ టీకాలూ పంపే ప్రయోగం ప్రారంభమైంది. 2022 జూన్‌లో ఝరాసంగం మండలం ఎల్గోయి గ్రామంలో రక్షణ పరికరాల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. జహీరాబాదు పారిశ్రామిక మండలి కోసం సేకరించ తలపెట్టిన 12 వేల పైచిలుకు ఎకరాల కథ వేరు. దానికి మరో వ్యాసం కావాలి. చెప్పవచ్చినది ఏమంటే, మా ఊళ్ళ పిల్లలు రేపు ఈ విద్యతోనే బతకవచ్చు. తొలి పాఠం ఇంట్లోనే నేర్వడం మంచిది.

నెలల తరబడి బొమ్మను వాడని పక్షంలో బ్యాటరీని సగం నింపి, చల్లని చోట దాచండి; రేకుల కప్పు కింద వేసవి ఎండకు వదిలితే మరుసటి ఏటికి మిగలదు. సంచి అప్పడంలా ఉబ్బిందా, మళ్ళీ చార్జింగుకు పెట్టవద్దు, సూదితో పొడవవద్దు, పొయ్యిలో వేయవద్దు. ఇంటి బయట, మూత లేని మట్టి కుండలో పొడి ఇసుక మధ్య ఉంచి, పట్నం వెళ్ళినప్పుడు పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవారికి అప్పగించండి.