ఫలదినాల పరికరాలు

గర్భం రాగల రోజులను లెక్కగట్టి, ఆ రోజుల్లో కలయిక మానడానికో నిరోధ్ వాడడానికో తోడ్పడే ఎలక్ట్రానిక్ సాధనాలు. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2–0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఈ మార్పును పట్టడానికి రోజూ నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాలుక కింద థర్మామీటరు పెట్టి చూసి, ఆ అంకెను ఫోన్‌లో ఎక్కించాలి. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన నేచురల్ సైకిల్స్ యాప్ ఈ పద్ధతిదే. మామూలు వాడకంలో ఏడాదికి 100 మందిలో సుమారు ఏడుగురికి గర్భం వస్తుంది. సుఖవ్యాధులను ఇది ఆపదు. జ్వరం, నిద్రలేమి లెక్కను తారుమారు చేస్తాయి. అందుకే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలసవెళ్లి, వేళకు నిద్ర కుదరని కూలీ స్త్రీలకు ఇది కుదిరే పని కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఉచితంగా వేసే ‘అంతర’ గర్భనిరోధక సూదిమందు వారికి ఎక్కువ భరోసానిస్తుంది.