రక్షకభటుల రక్షణకవచము

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల చరిత్ర వ్రాసినవారు కోటలను, దేవాలయములను, ఆస్థానపండితులను గూర్చి విరివిగా వ్రాసిరి. సామాన్యుని చేతికి సంకెల పడిన కథ వ్రాసినవారు తక్కువ. అధికారి కక్షచే నొకనిని బంధించెనేని, ఆ యధికారిని విచారించు దారి యేది? దీనిని మేమిట స్థూలముగా పరిశీలింతుము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున కంటకశోధనాధికరణము దొంగలకే కాక అధికారులకును దండము విధించినది. బంధితునికి అన్నపానములు లేకుండ జేసినవానికి 96 పణములు. చావగొట్టినవానికి 1000 పణములు.

నిజాము కాలమున గద్వాల, వనపర్తి సంస్థానములలో పోలీసు, న్యాయాధికారములు చాలవరకు సంస్థానముల చేతనే యుండెను. బంధించువాడును విచారించువాడును ఒకే కొలువువారైనపుడు మొఱ యాలకించువా రెవ్వరు? గస్తీ నిషాన్ 53 వలన అనుమతి లేక సభ జరుపుటయు కష్టమయ్యెను. గద్వాల సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక యట్టి దినములలో జనుల మొఱకు నోరైనది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 1951లో హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించెను. దానితో 197వ సెక్షనును వచ్చెను. ప్రభుత్వము తప్ప నితరులు తొలగింపరాని యుద్యోగిపై, విధినిర్వహణమున జేసిన కార్యమునకు, ప్రభుత్వానుమతి లేక న్యాయస్థానము విచారణకు పూనరాదు. ఇదియే 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218వ సెక్షనైనది. 120 దినములలో ప్రభుత్వము తేల్చకున్న అనుమతి యిచ్చినట్లే యెంచవలెననుట యిందలి క్రొత్తదనము.

ఈ కవచము జనులు భయపడునంత పెద్దది కాదు. ఇన్స్పెక్టరు జనరలే తొలగింపగల సబిన్స్పెక్టరున కిది వర్తింపదని 1963లో నాగరాజు కేసున సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించినచో వేఱు. అయినను 2020లో కర్ణాటకమునుండి వచ్చిన దేవరాజ కేసున, విధితో సంబంధమున్న పని హద్దు మీఱినను అనుమతి వలయుననెను. చిక్కంతయు నిచటనే. అరెస్టు రూపమున విధి. కక్ష హృదయమున దాగియుండును. అమెరికా సుప్రీంకోర్టు సైతము 2019లో, అరెస్టునకు తగిన హేతువున్నచో కక్ష యను వాదము సామాన్యముగా నిలువదనెను.

2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్దధన్వాడ ప్రాంతమున ఇథనాలు కర్మాగారమును ప్రతిఘటించిన రైతులు కొందఱు, విధ్వంసాభియోగముపై అరెస్టయిరి. వారిని సంకెళ్ళతో అలంపురము కోర్టునకు దెచ్చుటచే కొందఱు పోలీసులు సస్పెండయిరి. అకారణముగ సంకెళ్ళు వేయరాదని 1980లోనే సుప్రీంకోర్టు శాసించియున్నది. సస్పెన్షను శాఖవారి చర్య. న్యాయస్థానపు తీర్పు కాదు.

మన సంఘీయులలో సేద్యగాండ్రే యధికులు. కావున సోదరులకు మా విన్నపమిది. 22వ అధికరణము ప్రకారము అరెస్టునకు కారణము తెలుపవలెను. 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. 1996 నాటి డి.కె. బసు తీర్పు ననుసరించి, అరెస్టు జరిగిన వేళయు తేదియు వ్రాసి, బంధువుచేగాని, ఊరి పెద్దచేగాని సాక్షిసంతకము చేయింపవలెను. చదువక సంతకము చేయకుడు, చేయించుకొనక విడువకుడు. హృదయమున దాగిన కక్షకు కాగితముపై వ్రాసిన వేళయే సాక్షి.