బందరు దాకా ఒక రోజు సఫర్: జేబుకు తేలిక, తారీఖ్‌కు బరువు

మన ఇళ్లలో బచ్చాలకు ఇవాళ జపాన్ బాగా తెలుసు. అక్కడి బొమ్మల సినిమాలు తెలుసు, బుల్లెట్ రైళ్లు తెలుసు. నాగసాకి అనే రేవు పట్నం పేరు స్కూలు పుస్తకంలో బాంబు పాఠంలో వస్తుంది కాబట్టి అదీ తెలుసు. "అక్కడికి వెళ్దాం అబ్బా" అంటే మాత్రం పాస్‌పోర్టు, వీసా, విమానం కిరాయి అన్నీ కలిసి ఇంటి పెద్దకు నిద్ర పట్టనివ్వవు. కానీ ఆ నాగసాకి రేవులో దిగిన సరుకుల్లో మన తెలుగు తీరపు బట్ట కూడా ఉండేది. ఆ బట్ట బయల్దేరిన రేవుకు గిద్దలూరు నుంచి ఒక్క రాత్రి రైలు ప్రయాణం చాలు. ఆ రేవు మచిలీపట్నం. మన నోట బందరు.

ఈ మజ్మూన్‌లో రెండు పనులు పెట్టుకున్నాను. ఒకటి, ఆ ఊరి తారీఖ్ చెప్పడం. రెండు, మామూలు ఆమ్దనీ ఉన్న ఖాందాన్ తక్కువ ఖర్చుతో ఒక రోజులో దాన్ని ఎలా చూసి రావచ్చో చెప్పడం. తారీఖ్ తెలియకుండా వెళితే అక్కడ కనిపించేవి కూలిన గోడలు, ఉప్పు గాలి మాత్రమే. అందుకని ముందు తారీఖ్.

పేరులోనే రేవు ఉంది

ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, మనకు మచిలీబందర్ ఉంది. తెలుగువాళ్లు దాన్ని బందరు చేసుకున్నారు. ఆ మాట ఒక్కటే రాలేదు. దుకాణం, కిరాయి, రసీదు, రవానా, బాకీ, వసూలు, ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి తిజారత్ దారిన, దర్బారు దారిన తెలుగులోకి వచ్చిన మాటలే. ఉర్దూ ఇంటి జబాన్, తెలుగు బజారు జబాన్, రెండిటికీ పొత్తు లేదు అనుకునే పిల్లలకు ఈ మాటల జాబితా చదివి వినిపించండి. గిద్దలూరు సంతలో ఏ మతం రైతు అయినా ఈ మాటలు లేకుండా బేరం పూర్తి చేయలేడు.

గోల్కొండ హుకూమత్ సముద్రపు దర్వాజా

కుతుబ్ షాహీ సుల్తానుల రాజధాని సముద్రానికి చాలా దూరం. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాద్ షహర్‌కు పునాది వేశాడు. ఆ షహర్‌కు సముద్రపు దర్వాజా బందరు. ఇక్కడి తీరం లోతు లేనిది. పెద్ద జహాజులు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే, చిన్న పడవలు సరుకును, మనుషులను చేరవేసేవి. ఇన్ని కష్టాలున్నా 17వ శతాబ్దంలో బంగాళాఖాతంలో ఇంత పేరున్న రేవులు తక్కువ. ఆ రోజుల్లో వచ్చిన ఫ్రెంచి వజ్రాల సౌదాగర్ తావెర్నియే ఇక్కడి నుంచి పెగూకు, సయాముకు, అరకానుకు, బెంగాలుకు, సుమత్రాకు, హోర్ముజ్‌కు, మక్కాకు జహాజులు వెళ్తాయని రాసుకున్నాడు.

మక్కా అన్న ఆ ఒక్క మాట దగ్గర మనం ఆగాలి. హజ్ జహాజు అంటే మన పెద్దలకు బొంబాయి గుర్తొస్తుంది. దానికి ఎంతో ముందే ఈ తెలుగు తీరం నుంచి జహాజులు ఎర్ర సముద్రం వైపు తెరచాప ఎత్తాయి. వాటిలో సరుకూ ఉండేది, హాజీలూ ఉండేవారు. పోర్చుగీసు వాళ్లు సముద్రం మొత్తం తమదేనన్నట్టు పరవానా చీట్లు అడుగుతున్న కాలంలో, గాలివాటం చూసుకుని, నెలల తరబడి నీటి మీద గడిపి వెళ్లిన సఫర్ అది.

ఈ రేవు మనుషుల నసీబును కూడా మార్చింది. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి రోజీ వెతుక్కుంటూ వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ బందరులో హవాల్దారుగా పనిచేశాడు. అక్కడ అంటే ఊరి పెత్తనం చూసే పెద్ద అధికారి. తర్వాత గోల్కొండలో మీర్ జుమ్లా అయ్యాడు. ఆ పైన మొగల్ కొలువులో చేరి, 1663లో చనిపోయేనాటికి హిందూస్తాన్ పేరున్న సిపాహ్‌సాలార్లలో ఒకడు. ఒక మామూలు సౌదాగర్ అంత ఎత్తుకు ఎదిగిన దారి బందరు గుండా వెళ్లింది.

డచ్చి వాళ్లు, జపాన్ రాగి, మన బట్ట

డచ్చి కంపెనీ వాళ్లు 1605లో ఈ తీరానికి వచ్చారు. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాన్ నుంచి ఫర్మానా పొందారు. ఇంగ్లీషు వాళ్లు 1611లో దిగారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 పగోడాలు కట్టి గోల్కొండ రేవుల్లో తిజారత్ చేసుకునే ఇజాజత్ వాళ్లకు దొరికింది. ఫ్రెంచి వాళ్లు 1669లో వచ్చారు. అందరికీ కావలసింది ఒకటే: ఇక్కడి బట్ట.

ఎందుకంటే ఆగ్నేయాసియా దీవుల్లో మిరియాలు, లవంగాలు అమ్మేవాళ్లకు యూరపు సరుకు అక్కర్లేదు. వాళ్లు అడిగింది కోరమాండల్ తీరపు రంగు బట్ట. ఆ బట్ట ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొన్నారు. డచ్చి వాళ్లు 1609 నుంచి జపాన్‌లోని హిరాదోలో దుకాణం పెట్టారు. 1641లో జపాన్ హుకూమత్ వాళ్లను నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ దీవికి మార్చింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా యూరపు వాళ్లలో ఒక్క డచ్చి వాళ్లకే జపాన్‌తో తిజారత్. బటావియా, అంటే నేటి జకార్తా, మీదుగా వెళ్లే ఆ జహాజుల్లో హిందూస్తానీ అద్దకం బట్ట ఉండేది. జపాన్ వాళ్లు దాన్ని సరాసా అన్నారు. దొరకడం కష్టమైన ఆ బట్ట ముక్కలతో టీ వేడుక సామాన్లకు సంచులు కుట్టుకుని భద్రంగా దాచుకున్నారు. తిరుగు జహాజుల్లో జపాన్ రాగి వచ్చేది. ఆ రాగి కోరమాండల్ తీరానికి కూడా చేరి, ఇక్కడి బజార్ల అవసరాలకు, నాణేలకు పనికొచ్చింది.

మెహనత్ ఎవరిది, నఫా ఎవరిది

ఇక్కడిదాకా వింటే అంతా షాన్ లాగా ఉంటుంది. పిల్లలకు రెండో పక్క కూడా చెప్పాలి. నేతగాడికి, అద్దకం పనివాడికి కంపెనీ దలాలీలు ముందుగా పైకం ఇచ్చేవారు. పైకం తీసుకున్నాక ధర వాళ్లు చెప్పిందే, గడువు వాళ్లు పెట్టిందే. రేవు ఆదాయాన్ని గోల్కొండ హుకూమత్ ఇజారాకు ఇచ్చేది. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్మును కింద ఉన్నవాళ్ల దగ్గర రాబట్టుకునేవాడు. ఇజారాదారుల్లో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. జుల్మ్‌కు మజ్హబ్ లేదు. కరువు రోజుల్లో కోరమాండల్ తీరం నుంచి డచ్చి జహాజులు బట్టతో పాటు ఆకలితో అమ్ముడుపోయిన మనుషులను కూడా గులాములుగా మోసుకెళ్లాయి. తారీఖ్‌ను ఫఖ్ర్ కోసమే చదివితే సగమే చదివినట్టు. సుల్తాన్ దర్బారుతో పాటు బట్ట ఉతికిన చేతులూ గుర్తుండాలి.

రేవు వాడిపోయిన తీరు

1639లో ఇంగ్లీషు వాళ్లు మద్రాసులో నేల సంపాదించుకున్నారు. మెల్లగా వాళ్ల తిజారత్ అటు మళ్లింది. 1687లో ఔరంగజేబు ఫౌజు గోల్కొండను గెలవడంతో బందరుకు వెనక నిలబడిన దర్బారే పోయింది. 1750లో ఊరు ఫ్రెంచి వాళ్ల చేతికి వెళ్లింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు ఫౌజు రాత్రి పూట కోట మీద పడి గెలిచింది. తర్వాతి నెలలోనే నిజాం సలాబత్ జంగ్ వాళ్లతో సులహ్ చేసుకున్నాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లే దారి అక్కడే తెరుచుకుంది.

ఆ తర్వాత సముద్రమే తిరగబడింది. 1864 నవంబర్ 1 రాత్రి తుఫానుతో వచ్చిన ఉప్పెన ఊరిని ముంచింది. దాదాపు 30,000 ప్రాణాలు పోయాయని లెక్క. బందరు మళ్లీ పాత రేవు కాలేదు. ఇప్పుడు మంగినపూడి వైపు కొత్త ఓడరేవు పనులు నడుస్తున్నాయి. పాత రేవు కథ తెలిసినవాడికే కొత్త రేవు విలువ అర్థమవుతుంది.

సఫర్ నక్షా

మన వైపు నుంచి సముద్రానికి దారి కొత్తది కాదు. నల్లమలలో నంది కనుమ గుండా లంబాడీల ఎద్దుల బిడారాలు తీరపు ఉప్పును మెట్ట సీమలకు మోసేవి. ఆ కనుమల వెంబడే ఇంగ్లీషు కాలంలో బెజవాడ నుంచి గోవా తీరపు మర్మగోవా రేవు దాకా మీటరు గేజి రైలు వేశారు. గిద్దలూరు స్టేషన్ ఆ దారిలోదే.

యశ్వంత్‌పూర్, మచిలీపట్నం మధ్య వారానికి మూడు రోజులు నడిచే కొండవీడు ఎక్స్‌ప్రెస్ మన గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగానే వెళుతుంది. రాత్రి ఇక్కడ ఎక్కితే తెల్లవారేసరికి బందరు. తిరుగు బండి మధ్యాహ్నం దాటాక అక్కడ బయల్దేరుతుంది. దిగిన రోజే తిరుగు బండి ఉండేలా తేదీ చూసుకుంటే లాడ్జి ఖర్చు ఉండదు. రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి స్టేషన్‌లో దర్యాఫ్త్ చేశాకే టికెట్ తీయండి. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండు లోపు వాళ్లకు విడిగా బెర్తు అడగకపోతే సగం చార్జీయే. ఇద్దరు చిన్నవాళ్లను పెద్దవాళ్ల బెర్తుల్లో సర్దుకుంటే అక్కడే కొంత మిగులుతుంది.

రైలు కుదరకపోతే విజయవాడ దాకా వెళ్లి బస్సు పట్టుకోవచ్చు. అక్కడి నుంచి బందరు 70 కిలోమీటర్ల చిల్లర. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు. అమ్మీ, నానీ, ఇద్దరు బేటీలు ఉన్న ఇంటికి ఇది చిన్న రాయితీ కాదు. ఆధార్ కార్డులు మరిచిపోకండి.

దిగగానే ఫజర్, నాష్తా ముగించుకుని ఎండ ఎక్కక ముందే బందరుకోట వైపు ఆటో మాట్లాడుకోండి. మనిషికి ఇంత కాకుండా, పోయి రావడానికి మొత్తం ఎంతో ముందే తేల్చుకోండి. కోట శిథిలాలు చూశాక డచ్చి వాళ్ల కబరస్తాన్ చూడండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ సమాధుల మీద పెద్ద రాతి పలకలు, చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు ఉంటాయి. సముద్రాలు దాటి నఫా కోసం వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయినవాళ్లు. ఇబ్రత్ తీసుకోవడానికి వేరే వాజ్ అక్కర్లేదు.

అక్కడి నుంచి పెడన. బందరుకు పది కిలోమీటర్ల దూరం, బస్సులు ఉంటాయి. ఖలమ్‌కారీ పేరులో ఖలమ్ ఉన్నా ఇక్కడి పని ఎక్కువగా చెక్క అచ్చులతోనే. ఖలమ్‌తో చేత్తో గీసేది శ్రీకాళహస్తి పని. పెడనలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి నలుపు తీస్తారు. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మధ్యలో కాలువ పారే నీటిలో జాడిస్తారు. రంగు నిలవడానికి ఆ నీరూ కారణమే. మచిలీపట్నం ఖలమ్‌కారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. మిల్లు ప్రింటును అదే పేరుతో అమ్మేవాళ్లు ఎక్కువ కాబట్టి కొనేటట్టయితే పనివాళ్ల దగ్గరే కొనండి. ఒక రుమాలు అయినా చాలు. ఇజాజత్ అడిగి పని చూడండి. వాళ్ల రోజు కూలి సమయం మన తమాషాకు ఖర్చు కాకూడదు.

జుమా రోజున వెళితే ఖుత్బా వేళకు బందరు చేరుకునేలా పెడన నుంచి బయల్దేరండి. ఇంటి నుంచి తోషా కట్టుకెళ్లండి. ఒక పూటకు పులిహోర, ఇంకో పూటకు రొట్టెలు, కూర పెట్టుకుంటే హోటల్ ఖర్చు ఒక్క నాష్తాతో ఆగుతుంది. మిగిలిన డబ్బుతో బందరు లడ్డు కొనండి. అక్టోబర్, నవంబర్ తుఫాను నెలలు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సఫర్‌కు మంచి కాలం.

బయల్దేరే ముందు ఇంకొక పని ఉంది, దానికి ఖర్చు లేదు. మీ ఇంటి పెద్దలను కూర్చోబెట్టి, ఖాందాన్‌లో మొదట హజ్‌కు వెళ్లింది ఎవరో, ఏ రేవు నుంచి, ఎన్ని రోజుల్లో చేరారో అడగండి. బొంబాయి నుంచి హజ్ జహాజులు ఆగిపోయి 1995తో ముప్పై ఏళ్లు దాటింది. జహాజు ఎక్కినవాళ్లు, వాళ్లను సాగనంపినవాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు. వాళ్లు చెప్పింది పిల్లల చేత తెలుగులోనో ఉర్దూలోనో ఒక కాపీ పుస్తకంలో రాయించండి. కోటల తారీఖ్ రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మన ఇళ్ల తారీఖ్ మనం రాయకపోతే రాసేవాళ్లు లేరు. ఫీ అమానిల్లాహ్.