వత్తుల కోసం ఫోనులో చేరిన పాత కోడు



బయ్యారం చెరువు శాసనం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. పదమూడవ శతాబ్దిలో గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ ధర్మకీర్తిసముద్రమనే చెరువును నిర్మింపజేసి, కాకతీయుల వంశక్రమాన్ని రాతిపై చెక్కించింది. శిల్పి వత్తును ఎక్కడ ఉంచదలచితే అక్కడ ఉంచగలిగాడు. సెల్‌ఫోనుకు మాత్రం ఆపాటి విద్య చాలాకాలం పట్టుబడలేదు.

మనమంతా కూడలిలో కలుసుకున్న రోజులు గుర్తున్నాయి కదా! లేఖినిలో టైపు చేసిన టపా కంప్యూటరులో ముత్యాల్లా కనిపించేది. అదే టపా ఫోనులో తెరిస్తే వరుసగా డబ్బాలు. ఒపెరా మినీలో అమరిక మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదివినవారు మనలో ఎందరో!

ఫాంటు ఉంటే చాలదా అని అడగవచ్చు. చాలదు. 'స్త్రీ' అనే పదాన్నే చూడండి. యూనికోడులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చివర వచ్చిన గుడిదీర్ఘం మొదటనున్న సకారం నెత్తికెక్కాలి. తకార రేఫలు వత్తులై క్రిందికి దిగాలి. ఫాంటులో ఆకృతులూ, వాటిని మార్చే సూత్రాల పట్టికలూ ఉంటాయి. ఆ సూత్రాలను చదివి కార్యం జరిపించే ప్రోగ్రాము వేరే కావాలి. సూత్రపాఠం ఉన్నా ప్రక్రియ తెలిసినవాడు లేకపోతే రూపసిద్ధి కాదు గదా!

ఆ ప్రక్రియ తెలిసిన కోడు అప్పటికే ఉంది. ఫ్రీటైప్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు తొలి రూపంలో ఓపెన్‌టైపు సూత్రాలను అమలుపరచే భాగముండేది. ఫ్రీటైప్ రెండవ రూపంలో దానికి చోటు దక్కలేదు. పాంగో, క్యూటీ అనే రెండు ప్రాజెక్టులు దానిని చెరొక ప్రతిగా తీసుకుని, ఎవరి దారిన వారు దిద్దుకున్నాయి. తరువాత ఆ పాఠాంతరాలు కలిసి హార్ఫ్‌బజ్ అయింది. పారశీకంలో 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరచినది. ఓపెన్‌టైపు అన్న మాటకే అది అనువాదం.

2008లో తొలి ఫోనుతో వచ్చిన ఆండ్రాయిడులో తెలుగు లేదు. ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మ గీసుకుంటూ పోయే పద్ధతి ఆంగ్లానికి సరిపోతుంది. మన లిపికి పదం మొత్తాన్ని ముందుగా హార్ఫ్‌బజ్‌కు అప్పగించి, అది తేల్చిన ఆకృతులనూ స్థానాలనూ తీసుకుని గీయాలి. పంక్తి విరుపు, కర్సరు కదలిక కూడా ఆ లెక్కకే లోబడాలి. అందుచేత పాత కోడును తెచ్చి ఒక మూల పెడితే సరిపోలేదు; ఫోనులో అక్షరం గీసే ప్రతి చోటునూ దానికి అనుసంధానించవలసి వచ్చింది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో కన్నడ, మలయాళాలతో పాటు తెలుగుకు ఆదరణ లభించింది. ఆ పాత కోడు స్థానంలో బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ తిరగరాసిన కొత్త హార్ఫ్‌బజ్ అనంతరం చేరింది.

ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని ఒక విభాజక సంకేతం, ఆపై దీర్ఘం: ఈ వరుస వస్తే ఐఫోనులో సందేశాలు చూపే అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ వాడేది తన సొంత కోడు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. లోకమంతా నవ్వుకున్నది, నాకు మాత్రం నవ్వు రాలేదు. 'జ్ఞానం' అన్న మాటకు మొదటి అక్షరమే యంత్రానికి గండమైతే, పిల్లలు 'jnanam' అన్నట్లు రోమను లిపిలో వ్రాసుకోవడానికి మరొక సాకు దొరికినట్లే.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే అలవాటుకు బద్ధకమొక్కటే కారణమని మనం బడిపిల్లలను మందలిస్తాం. అలవాటు పడే వయసులో వారి చేతిలోని ఫోను తెలుగు చూపలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు బయ్యారంలో చవక ఫోను పట్టుకున్న పిల్లవాడికీ 'స్త్రీ' సరిగానే కనబడుతుంది. ఇక వ్రాయించడం మన వంతు.